విమర్శ వచ్చినప్పుడు సంఘ నాయకుడు ఏమి చేయాలి?
(నాయకుల అధ్యయన పాఠము)

మూల వాక్యభాగములు: నెహెమ్యా 4:1-10; 5:1-19; 6:1-16
తోడు వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 6:1-7
పాఠము ఉద్దేశము: అన్ని విమర్శలు ఒక్కటి కావని తెలిసికొని, ఏ మాటకు ఎలాంటి జవాబు ఇవ్వాలో దేవుని వాక్యము నుండి నేర్చుకొనుట.



ఆరాధన ముగిసి ఆశీర్వాద వచనము పలికిన తరువాత, చెప్పులు వేసుకునే చోట కొన్ని మాటలు మొదలవుతాయి. పాటలు ఎక్కువైనవని ఒకరు, ప్రసంగము పొడవైనదని మరొకరు అంటారు. మా వీధికి పాస్టరుగారు వచ్చి ఆరు నెలలైనదని ఒక విధవరాలు అంటుంది. కట్టడపు నిధి లెక్క ఎప్పుడు చెబుతారని ఒక పెద్దాయన అడుగుతాడు. ఈ మాటలు సాయంత్రానికి ట్రెజరరుగారి ఇంటికి, రాత్రికి పాస్టరుగారి ఇంటికి చేరుతాయి. చేరేసరికి వాటి రూపము మారుతుంది. నిద్ర పట్టని నాయకుడు ఎవరు అన్నారో ఆలోచిస్తూ కూర్చుంటాడు. వచ్చే ఆదివారము ప్రసంగములో దానికి జవాబు దొర్లుతుంది. ఈ విధముగా సంఘములు చీలిన సంగతి మనకు తెలియనిది కాదు.

మనవంటి సంఘములలో ఇది మరింత త్వరగా జరుగుతుంది. మన పెద్దలు గనులకు, రైల్వేకు, మిల్లులకు, కట్టడపు పనులకు వచ్చి కర్ణాటకలో, తమిళనాడులో, ఒడిశాలో, మహారాష్ట్రలో స్థిరపడ్డారు. కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డాయి, కాని అక్కడి తెలుగు ఆరాధన పని పోయినంత మాత్రాన ఆగలేదు. పరాయి భాష మధ్య మన సంఘము మనకు కేవలము ప్రార్థన స్థలము కాదు. అదే మన ఊరు, మన చుట్టరికము, మన భాష. అలాంటి చోట తనను పట్టించుకోలేదని ఒకరికి అనిపిస్తే, ఆ గాయము రెండింతలవుతుంది. మరోవైపు, మన నాయకులలో చాలామంది డ్యూటీ ముగించుకొని, జీతము లేకుండా, సొంత బస్సు చార్జీ పెట్టుకొని సేవ చేస్తున్నవారే. వారికి విమర్శ వచ్చినప్పుడు కలిగే నొప్పి కూడా తక్కువ కాదు. ఇరువైపులా నొప్పి ఉన్నదని ఒప్పుకొని ఈ పాఠము మొదలుపెడదాము.

వలసవారి సంతానమైన నాయకుడు

నెహెమ్యా యెరూషలేములో పుట్టి పెరిగినవాడని బైబిలు చెప్పదు. మనకు అతడు మొదట కనబడేది షూషను కోటలో, పారసీక రాజైన అర్తహషస్తకు గిన్నె అందించువానిగా. యెరూషలేము క్రీ.పూ. 586లో కూలిపోయినది. నెహెమ్యా దానిని తిరిగి కట్టుటకు బయలుదేరినది క్రీ.పూ. 445లో. అంటే నడుమ దాదాపు 140 ఏండ్లు గడిచాయి. చెరపట్టబడి వచ్చినవారి మనుమలు, మునిమనుమలు పరదేశములో స్థిరపడిన కాలమది. అయినను అతని మనస్సు తన ప్రజల మీదనే ఉన్నది. మనలను పోలిన నాయకుడతడు.

అతడు కట్టిన గోడ 52 దినములలో పూర్తి అయినదని 6:15లో చదువుతాము. ఆ కొద్ది దినములను చెప్పే మూడు అధ్యాయములలో అతనికి మూడు రకాల మాటలు ఎదురయ్యాయి. నాల్గవ అధ్యాయములో ఎగతాళి. అయిదవ అధ్యాయములో మొర. ఆరవ అధ్యాయములో నింద. మనము గమనించవలసిన ముఖ్య సంగతి ఏమిటంటే, నెహెమ్యా ఈ మూడింటికి ఒకే జవాబు ఇవ్వలేదు. మనము సాధారణముగా చేసే పొరపాటు అన్నిటికీ ఒకే జవాబు ఇచ్చుటయే. కొందరు ప్రతి మాటకు తిరగబడతారు. కొందరు ప్రతి మాటకు క్రుంగిపోతారు. కొందరు ప్రతి మాటను సాతాను పని అని త్రోసివేస్తారు.

1. ఎగతాళి: దేవునికి చెప్పి పని సాగించాలి (4:1-10)

సన్బల్లటు, టోబీయా గోడను చూచి నవ్వారు. ఈ నీరసులు ఏమి కట్టగలరని ఒకడు అన్నాడు. నక్క ఎక్కినా ఈ గోడ పడిపోవునని రెండవవాడు అన్నాడు. ఈ మాటలలో సరిదిద్దుకోవలసిన సంగతి ఏదీ లేదు. గోడ ఏ వైపు వంకరగా ఉన్నదో వారు చెప్పలేదు. గోడ లేవకూడదన్నదే వారి కోరిక.

నెహెమ్యా వారికి జవాబు చెప్పలేదు. దేవునితో మాట్లాడాడు. ఆ ప్రార్థన మెత్తని ప్రార్థన కాదు, 4, 5 వచనములు చదివితే అతని కోపము మనకు తెలుస్తుంది. కాని ఆ కోపమును అతడు సన్బల్లటు మీద పోయలేదు, దేవుని ఎదుట కుమ్మరించాడు. హింసించువారి కొరకు ప్రార్థించుమని మన ప్రభువు మనకు నేర్పాడు (మత్తయి 5:44) గనుక మన ప్రార్థన అంతకంటె ఒక మెట్టు ముందుకు వెళ్లాలి. అయినను మొదటి మెట్టు ఇదే. మనస్సులోని మంటను మనుష్యుల ముందు కాక దేవుని ముందు పెట్టాలి. తరువాత 6వ వచనములో గోడ సగము ఎత్తు లేచినదని ఉన్నది.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా ఉన్నది. 10వ వచనములో యూదావారే, బలము తగ్గిపోయినది, చెత్త ఎక్కువగా ఉన్నది, మనము కట్టలేమని అన్నారు. బయటివారి ఎగతాళి లోపలివారి నోట ప్రవేశించినది. పదిమందితో తెలుగు ఆరాధన ఎందుకని పక్కవారు నవ్వుతారు. కొంతకాలానికి మన కమిటీలోనే ఆ మాట వినబడుతుంది. ఎగతాళికి జవాబు ఇవ్వనక్కరలేదు గాని, అలసిపోయిన మనవారికి మాత్రము ధైర్యము చెప్పాలి. నెహెమ్యా 14వ వచనములో చేసినది అదే.

2. మొర: పని మధ్యలోనైనా వినాలి (5:1-19)

అయిదవ అధ్యాయములోని మాట బయటనుండి రాలేదు. జనులును వారి భార్యలును తమ సహోదరులైన యూదుల మీదనే మొర పెట్టారు. స్త్రీల పేరు ఇక్కడ ప్రత్యేకముగా ఉన్నది, గమనించండి. పిల్లలు ఎక్కువ, ధాన్యము లేదని కొందరు అన్నారు. కరవువలన పొలములు, ద్రాక్షతోటలు, ఇండ్లు కుదువ పెట్టామని కొందరు అన్నారు. రాజుకు పన్ను కట్టుటకు అప్పు చేశామని, కుమారులను కుమార్తెలను దాసత్వమునకు అప్పగించవలసి వచ్చినదని మరికొందరు అన్నారు.

ఈ మొర వచ్చిన సమయము చూడండి. శత్రువులు చుట్టూ ఉన్నారు. ఒక చేతితో పని, మరొక చేతిలో ఆయుధము. ముందు గోడ పూర్తి కానివ్వండి, ఐక్యత చెడగొట్టకండి, మన సంగతి బయటివారికి తెలిస్తే ఎంత అవమానము అని నెహెమ్యా అనవచ్చును. ఈ మాటలు మన కూటములలో మనము తరచుగా వినేవే. కాని అతడు అలా అనలేదు. ఓనో మైదానమునకు రమ్మని శత్రువులు నాలుగు సార్లు పిలిచినా గోడ దిగని మనిషి (6:2-4), బీదల మొర విని పెద్ద సమాజమును కూర్చాడు. ఏ మాటకు దిగకూడదో, ఏ మాటకు ఆగాలో ఎరుగుటే నాయకుని వివేకము.

అతడు చేసిన పనిని వరుసగా చూద్దాము.

(అ) అతనికి మిగుల కోపము వచ్చినది (6వ వచనము). కాని వెంటనే మాట్లాడలేదు. తనలో తాను ఆలోచించుకున్నాడు (7వ వచనము). కోపమునకు, మాటకు మధ్య ఆ ఆలోచన నిలిచినది. విని తెలిసికొనకముందే జవాబిచ్చుట బుద్ధిహీనత అని సామెతలు 18:13 మనకు నేర్పుతున్నది.

(ఆ) తప్పు చేసినవారు ప్రధానులు, అధికారులు. కట్టడపు పనికి కావలసినవారు వారే. అయినను వారి ముఖము చూచి అతడు మొరను అణచివేయలేదు. ఎక్కువ చందా ఇచ్చువారిని గూర్చి ఫిర్యాదు వచ్చినప్పుడు మన పరీక్ష కూడా ఇక్కడే ఉంటుంది.

(ఇ) 10వ వచనములో తానును, తన బంధువులును, తన దాసులును కూడా అప్పు ఇచ్చినవారమేనని చెప్పాడు. తన పేరు విడిచిపెట్టి ఇతరులను మాత్రమే గద్దించలేదు. అందుకే అతని మాటకు ఎవరూ ఎదురు చెప్పలేకపోయారు.

(ఈ) చూద్దాములే అని సమాజమును పంపివేయలేదు. పొలములు, తోటలు, ఇండ్లు, తీసికొనిన నూరవ భాగము ఈ దినమే తిరిగి ఇవ్వుడని అడిగాడు. యాజకులను పిలిచి ప్రమాణము చేయించాడు. పని జరిగినది.

(ఉ) తన సొంత జీవితమును లెక్కగా చూపించాడు. ముందటి అధికారులు ఆహారము, ద్రాక్షారసము గాక 40 తులముల వెండి ప్రజల యొద్ద తీసికొన్నారు. అతడు 12 ఏండ్లు అధికారి జీతము ముట్టలేదు. అయినను 150 మంది అతని భోజనపు బల్ల యొద్ద తిన్నారు (14-18 వచనములు). నాయకుని మంచి నడత విమర్శకు ముందే సిద్ధమైన జవాబు.

ఇలాంటి మొర సంఘమునకు శత్రువు కాదు. అది దేవుడు పంపిన వైద్యుని వంటిది. మోషేకు అతని మామయైన యిత్రో వచ్చి, నీవు చేయు పని మంచిది కాదు అని సూటిగా చెప్పినప్పుడు (నిర్గమ 18), ఎఱ్ఱ సముద్రము దాటించిన మోషే ఆ మాట విని, పదిమందికి ఒకనిని, యాబదిమందికి ఒకనిని నియమించాడు. ఒక్క విమర్శవలన అతని ఆయుష్షును, జనుల ఓపికను దేవుడు కాపాడాడు.

3. నింద: క్లుప్తముగా కాదని చెప్పి పనిలో ఉండాలి (6:1-16)

ఆరవ అధ్యాయములో సన్బల్లటు అయిదవ సారి విప్పియున్న పత్రిక పంపాడు. ముద్ర వేయని పత్రిక అంటే దారిలో అందరూ చదవాలనే ఉద్దేశముతో పంపినది. అందులో, నీవు రాజు మీద తిరుగబడుటకు గోడ కట్టుచున్నావని, నీవే రాజు కావాలనుకొంటున్నావని, ఈ సంగతి అందరూ చెప్పుకొంటున్నారని వ్రాశాడు. అందరూ అనుకొంటున్నారు అనే మాట ఎంత పాతదో చూడండి!

నెహెమ్యా మౌనముగా ఉండలేదు, వాదము పెంచలేదు. అలాంటిదేమీ లేదు, ఇది నీవు కల్పించినది అని రెండు మాటలలో ముగించాడు (8వ వచనము). తరువాత తన చేతులను బలపరచుమని దేవుని అడిగాడు (9వ వచనము). అబద్ధమును ఒకసారి స్పష్టముగా కాదని చెప్పాలి. పదే పదే చెబుతూ తిరిగితే గోడ ఆగిపోతుంది.

తరువాత వచ్చిన షెమయా సంగతి ఇంకా సూక్ష్మమైనది. అతడు మేలు కోరువానివలె, నిన్ను చంపుటకు వస్తున్నారు, దేవాలయములో దాగుకొందము అన్నాడు. ఆ సలహా పాటిస్తే నెహెమ్యాయే పాపము చేసినవాడయ్యేవాడు (13వ వచనము). మీ మేలు కొరకే చెబుతున్నాము అంటూ మనలను భయపెట్టి తప్పు పనిలోనికి దించే మాటలు ఉంటాయి. ఆ సలహా పాటిస్తే మనము వాక్యమునకు లోబడుతున్నామా, మీరుతున్నామా అని పరీక్షించి చూడాలి.

4. యెరూషలేము సంఘములో భాష తగవు (అపొ. కార్య. 6:1-7)

ఇప్పుడు క్రొత్త నిబంధనలో మనకు మిగుల దగ్గరగా ఉన్న భాగమునకు వద్దాము. యెరూషలేము సంఘములో శిష్యుల సంఖ్య పెరుగుతున్న దినములలో, గ్రీకు మాట్లాడే యూదులు హెబ్రీయుల మీద సణిగారు. అనుదిన పరిచర్యలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూచుచున్నారన్నది వారి ఫిర్యాదు. వీరిలో చాలామంది పూర్వీకులు పరదేశములలో స్థిరపడినవారు. భాష మారినది, అలవాట్లు మారినవి. ఒకే విశ్వాసము, ఒకే బాప్తిస్మము, కాని రొట్టె పంచేచోట తేడా కనబడినది.

ఇక్కడ సణుగుట అనుటకు వాడిన గ్రీకు మాట, అరణ్యములో ఇశ్రాయేలీయులు సణిగినప్పుడు గ్రీకు పాత నిబంధనలో వాడిన మాటయే. కాబట్టి అపొస్తలులు కోరితే, సణిగినవారికి ఏమి జరిగినదో జ్ఞాపకము చేసికొనుడి అని భయపెట్టగలిగేవారు. వారు అలా చేయలేదు. చెప్పిన తీరు సరిగా లేకపోయినా, చెప్పిన సంగతిలోని నిజమును పట్టుకొన్నారు. ఎవరు మొదలుపెట్టారని విచారణ జరపలేదు. శిష్యులందరిని పిలిచారు. తమ ముఖ్యమైన పని ప్రార్థన, వాక్య పరిచర్య అని దాచకుండా చెప్పారు. ఏడుగురిని మీరే ఏర్పరచుకొనుడని సంఘమునకు అప్పగించారు. సంఘ సభ్యుల మాటకు విలువనిచ్చే బాప్తిస్టులమైన మనకు ఇది ఎంత చక్కని మాదిరి!

ఏడుగురి పేర్లు చదవండి. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నియు గ్రీకు పేర్లే. నీకొలాసు అంతియొకయవాడు, యూదుల మతములో చేరినవాడు. ఎవరు నొచ్చుకున్నారో వారివైపు నుండే సంఘము నాయకులను ఎన్నుకున్నట్లు కనబడుతున్నది. ఫలితము 7వ వచనములో ఉన్నది. వాక్యము వ్యాపించినది, శిష్యుల సంఖ్య పెరిగినది, యాజకులలో అనేకులు లోబడ్డారు. స్తెఫను సాక్ష్యము, సమరయలో ఫిలిప్పు పరిచర్య ఈ సణుగుడుకు ఇచ్చిన జవాబులో నుండి వచ్చినవే.

నేడు మన యవ్వనస్థులు కన్నడములో, తమిళములో, మరాఠీలో, ఒడియాలో చదువుకున్నారు. తెలుగు మాట్లాడతారు గాని పాటల పుస్తకము చదువలేరు. మాకు అర్థమయ్యేటట్లు ఒక పాఠమైనా చెప్పండి అని వారు అడిగితే, భాషను పాడుచేస్తున్నారని గద్దిస్తాము. పెద్దలు తెలుగు తగ్గిపోతున్నదని బాధపడితే, పాతకాలపువారని పిల్లలు నవ్వుతారు. ఊరిని బట్టి, జిల్లాను బట్టి, కులమును బట్టి కమిటీలో పేర్లు నిండుతున్నాయని అడిగినవారిని తగవులమారులని అంటాము. యెరూషలేము సంఘము అలా చేసియుంటే ఆ ఏడుగురు పరిచారకులు ఉండేవారు కారు.

5. మన తెలుగు బాప్తిస్టు చరిత్రలో విమర్శ

అమెరికను బాప్తిస్టు మిషనరీయైన శామ్యూల్ డే 1836లో తెలుగు ప్రజల కొరకు వచ్చాడు, 1840లో నెల్లూరులో పని స్థాపించాడు. ఎన్నో ఏండ్ల శ్రమకు విశ్వాసులు కొద్దిమందియే. 1853లో అమెరికాలోని ఆల్బనీలో జరిగిన కూటములో ఈ మిషనును మూసివేయాలా అను ప్రశ్న వచ్చినది. పటముపై ఒంటరి నక్షత్రమువలె ఉన్నదని అన్నప్పుడు, దానిమీదనే శామ్యూల్ ఎఫ్. స్మిత్ ఒక పద్యము వ్రాశాడు. ఒంటరి నక్షత్ర మిషను అనే పేరు అలా నిలిచినది.

మూసివేయుమన్నవారు శత్రువులు కారు, కానుకలు ఇచ్చిన సహోదరులే. వారు చెప్పిన లెక్కయు నిజమే. దానినుండి తీసిన తీర్పు మాత్రము దేవుని తీర్పు కాలేదు. విమర్శలో సంగతి నిజమై, ముగింపు తప్పు కావచ్చునని ఇక్కడ నేర్చుకొంటాము. లైమన్ జూవెట్ లెక్కను కాదనలేదు, మోకాళ్లూనాడు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆయనయు, ఆయన భార్యయు, ముగ్గురు తెలుగు విశ్వాసులును ఒంగోలులోని కొండ మీద ప్రార్థించారు. అయిదుగురు ప్రార్థించిన ఆ స్థలమును నేటికీ ప్రార్థన కొండ అంటాము. 12 ఏండ్లకు, 1866లో జాన్ క్లౌ ఒంగోలుకు వచ్చాడు.

క్లౌగారికి వచ్చిన విమర్శలు రెండు. మాదిగలను చేర్చుకుంటే మేము రాము అని ఒంగోలులోని పైకులములవారు అన్నారు. వారు విద్యావంతులు, పట్టణములో పలుకుబడి గలవారు. ఆ సమయములో ఆయనయు, ఆయన భార్యయు వేరు వేరుగా బైబిలు తెరచినప్పుడు ఇద్దరికీ 1 కొరింథీ 1:26-29 ఎదురైనదని మిషను చరిత్రలలో వ్రాయబడినది. లోకములో ఎన్నికలేనివారిని దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే భాగమది. ఆయన తలుపు మూయలేదు. ఆ తెరచిన తలుపులోనుండే మనలో అనేకుల పూర్వీకులు లోనికి వచ్చారు.

రెండవ విమర్శ 1876-78 కరవు తరువాత వచ్చినది. అన్నము కొరకే వీరు క్రైస్తవులయ్యారని, ఇంతమందిని చేర్చుకొనుట తొందరపాటని అన్నారు. కాని జరిగినది చూడండి. సర్వే పని తెలిసిన క్లౌగారు బకింగ్‌హాం కాలువలో దాదాపు మూడున్నర మైళ్ల త్రవ్వకపు కాంట్రాక్టు తీసికొని, వేలమందికి కూలి పని ఇప్పించాడు. ఆ కరవు పని నడిచినంత కాలము ఆయన బాప్తిస్మములు ఆపివేశాడు. అడిగినవారిని ఆగుమన్నాడు. సహాయము ముగిసిన తరువాతనే, 1878 జూన్‌లో తిరిగి మొదలుపెట్టాడు. జూలై 3న ఒక్క దినమే 2,222 మంది గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మము పొందారు. రాబోయే నిందను ముందే తలంచి తన నడత సరిచేసికొన్నాడు గనుక, నింద వచ్చినప్పుడు చెప్పుటకు ఆయనకు మాట ఉన్నది. ఇంతమందికి ఎవరు బోధిస్తారన్న ప్రశ్న మాత్రము న్యాయమైనదే. పల్లెలలో బడులు, బోధకులు, బైబిలు స్త్రీలు దానికి జవాబుగా అవసరమయ్యారు.

6. మనము ఆచరించవలసినవి

(1) ఆ రాత్రే జవాబు ఇవ్వవద్దు. ప్రార్థించి, ఒక నిద్ర పోయి, తరువాత మాట్లాడండి. ఫోనులో వ్రాసి పంపిన కోపము తిరిగి తీసికొనలేము.

(2) చేటలో పోసి చెరగండి. ఈ మాట ఎగతాళియా, మొరయా, నిందయా? చాలా మాటలలో మూడును కలిసే ఉంటాయి. పొట్టు ఎగిరిపోనిచ్చి గింజను దాచుకోండి. పదింటిలో ఒక్క గింజ ఉన్నా అది మనదే.

(3) మధ్యవర్తుల ద్వారా కాక మనిషిని నేరుగా కలవండి. మత్తయి 18:15 ఒంటరిగా కలిసి మాట్లాడుమని నేర్పుతున్నది. విన్న మాటను మీ సొంత మాటలలో తిరిగి చెప్పి, మీరు అన్నది ఇదేనా అని అడగండి. సగము తగవులు అక్కడే తీరిపోతాయి.

(4) ప్రసంగ పీఠమును జవాబు చెప్పుకొనుటకు వాడవద్దు. అక్కడ ఎదుటివారికి మాట్లాడే అవకాశము లేదు. అది దేవుని వాక్యమునకు ప్రత్యేకించిన స్థలము.

(5) డబ్బు విషయములో ఎవరూ అడుగకముందే చూపించండి. యెరూషలేము బీదల కొరకు చందా కూర్చినప్పుడు పౌలు తాను ఒక్కడే దానిని మోయలేదు. సంఘములు ఎన్నుకున్న సహోదరులను తోడు తీసికొన్నాడు. దేవుని దృష్టికే గాక మనుష్యుల దృష్టికి కూడా సరిగా ఉండాలని కోరాడు (2 కొరింథీ 8:18-21). కానుక లెక్కించునప్పుడు ఇద్దరు ఉండుట, రసీదు ఇచ్చుట, లెక్కను నోటీసు బోర్డు మీద పెట్టుట అపనమ్మకము కాదు. అది ట్రెజరరుకు రక్షణ.

(6) సరిదిద్దిన తరువాత సంఘమునకు చెప్పండి. ఫలానా మాట విన్నాము, ఈ మార్పు చేశాము అని చెబితే, చెప్పుల దగ్గరి మాటలు కూటములోనికి వస్తాయి.

(7) ఇంటివారిని కాపాడండి. పాస్టరుగారి భార్య, డీకనుగారి పిల్లలు విమర్శను వింటారు గాని జవాబు చెప్పలేరు. వారి ఎదుట సంఘస్థులను తిట్టవద్దు. మీరు క్షమించిన తరువాత కూడా వారి మనస్సులో ఆ మాట ఉండిపోతుంది.

7. ఒక గట్టి హెచ్చరిక

దేవుని అభిషిక్తులను ముట్టకూడదన్న మాటను చూపి ప్రశ్నించేవారి నోరు మూయించుట మనము వింటుంటాము. కీర్తన 105:12-15 మొత్తము చదవండి. అక్కడ చెప్పబడినది నాయకులను లెక్క అడుగుట గూర్చి కాదు. కొద్దిమందిగా, పరదేశులుగా, ఒక జనము నుండి మరొక జనము నొద్దకు తిరుగుతున్న అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులను రాజులు హింసింపకూడదని దేవుడు ఆజ్ఞాపించిన సంగతి అది. బలహీనులైన వలసవారిని కాపాడుటకు చెప్పిన మాటను, బలముగలవారిని కాపాడుటకు వాడుట తగదు.

పెద్దమీద ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే దోషారోపణ అంగీకరించవద్దని 1 తిమోతి 5:19 చెప్పుచున్నది. అదే చోట, పాపము చేయువారిని అందరి యెదుట గద్దింపుమని 20వ వచనము చెప్పుచున్నది. రెండును కలిపి పాటించాలి. సంఘ ధనము పోయినదని గాని, ఒక స్త్రీకి లేక బిడ్డకు హాని జరిగినదని గాని మాట వస్తే, దానిని విమర్శ అని, సహించాలని, పరువు పోతుందని దాచకూడదు. విచారణ జరగాలి. చట్టము ప్రకారము పోలీసులకు చెప్పవలసినది చెప్పాలి. అలాంటి సమయములో మౌనముగా ఉండుట సాత్వికము కాదు.

విమర్శించేవారికి ఒక మాట

అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి భోజనము చేసి, కొందరు రాగానే బల్ల దగ్గరనుండి వెనుకకు తీసినప్పుడు, పౌలు అతనిని ముఖాముఖిగా గద్దించాడు (గలతీ 2:11-14). బల్ల యొద్ద తేడా చూపుట సువార్తకే విరోధమని అతనికి తెలుసు. పౌలు వెనుక మాట్లాడలేదు, ముందు మాట్లాడాడు. ఆ తరువాత వ్రాసిన పత్రికలో పేతురు అతనిని ప్రియ సహోదరుడు అని పిలిచాడు (2 పేతురు 3:15). విమర్శ సంఘమును చీల్చనక్కరలేదు. ముందు మాట్లాడే ధైర్యము ఒకరికి, విని ప్రేమించే దీనత్వము మరొకరికి ఉంటే చాలును. నలుసు తీయబోవువాడు తన కంటిలోని దూలమును ముందు చూచుకోవాలని మన ప్రభువు ఇద్దరికీ చెప్పాడు.

ఆ ప్రభువే మనకు చివరి మాదిరి. ఆయనలో సరిదిద్దవలసిన తప్పు ఏదీ లేదు. అయినను దూషింపబడినప్పుడు బదులు దూషించలేదు, న్యాయముగా తీర్పు తీర్చు తండ్రికి తన్నుతాను అప్పగించుకొన్నాడు (1 పేతురు 2:22-23). మనలో తప్పులు ఉన్నవి గనుక మనము వినాలి, దిద్దుకోవాలి. మన తండ్రి తీర్పు న్యాయమైనది గనుక మనము భయపడనక్కరలేదు.

చర్చకు ప్రశ్నలు

1. గత సంవత్సరము మన సంఘములో వినబడిన మూడు ఫిర్యాదులను (పేర్లు చెప్పకుండా) తలంచండి. వాటిలో ఏది ఎగతాళి, ఏది మొర, ఏది నింద?
2. నెహెమ్యా 5:7లో కోపమునకు, మాటకు మధ్య జరిగినది ఏమిటి? మన కమిటీ కూటములలో దానికి చోటు ఉన్నదా?
3. మన సంఘములో ఎవరి మాట నాయకుల చెవికి చేరుట లేదు? విధవరాండ్రదా, దూరపు వీధులవారిదా, తెలుగు చదువలేని యవ్వనస్థులదా?
4. మన సంఘ లెక్కలు సభ్యులకు ఎప్పుడెప్పుడు చూపుతున్నాము? 2 కొరింథీ 8:20-21 ప్రకారము మార్చవలసినది ఏమైనా ఉన్నదా?
5. మన కమిటీలోని పేర్లను అపొ. కార్య. 6:5లోని పేర్లతో పోల్చి చూడండి. నొచ్చుకున్నవారివైపు నుండి ఒక్కరైనా ఉన్నారా?

ప్రార్థనాంశములు

విమర్శవలన అలసి సేవ మానుకోవాలనుకుంటున్న నాయకుల కొరకు. నొచ్చుకొని ఆరాధనకు రాకుండా ఉన్న కుటుంబముల కొరకు. మన పిల్లల భాషలోను, మన పెద్దల భాషలోను వాక్యము నిలుచునట్లు. మన సంఘ లెక్కలు, మన బల్ల, మన కమిటీ దేవుని యెదుట నిందారహితముగా ఉండునట్లు ప్రార్థించండి.

గోడ కట్టుటకు చేతులను, మొర వినుటకు చెవులను దేవుడు మనకందరికి అనుగ్రహించును గాక! ఆమేన్.